గ్యాస్ గోలీలు

బుధవారం, గోపాల్‌పేట

పక్కింటోళ్ల బరాత్‌ల పటాకులు పేలంగనే మా ఆయన మళ్ల మంచం కిందికి దూరిండు. ఇజ్రాయెల్‌ల బాంబుల నడుమ పనిచేసి వచ్చినకాంచి గిదే కథ. అత్తమ్మ ఆయన్ని మసీదుకాడికి తోల్కపోయి సాయెబుతోని ఊదిపిచ్చింది. "దడుసుకున్నడు, గంతే" అని ఊరందరికీ చెప్తది. మనసు డాక్టర్ అంటే మాత్రం మీదికొస్తది, "నా కొడుకును పిచ్చోడంటరు" అని. అందుకే సాటుంగ చూపిచ్చి, డాక్టర్ రాసినవి గ్యాస్ గోలీలని ఆమెకు చెప్పి ఆయనకిస్తున్న. అబద్ధాలాడి యాష్టకొచ్చింది.

పొద్దుగూకంగ బయట జీపు సప్పుడైంది. అత్తమ్మ గబుక్కున లేచి లైటు బంద్ చేసింది. ఎన్కట అడివిల అన్నలకు అన్నం పెట్టిండని మామను పోలీసులు పట్కపోయినకాంచి గట్లనే చేస్తది, నేనెన్నడు పట్టించుకోలె.

చీకట్ల మెల్లగ అన్నది: "గవి గ్యాస్ గోలీలు కావని నాకెర్కే బిడ్డా. నాకు గూడ ఒకటియ్యరాదు."