రాణికి గోచి చీర

ఆదివారం రాత్రి, ఇచ్చోడ

నేను రాస్తున్న నవలల ఒక రాణి, నేలమీద జీరాడే పట్టుగౌనుతోని గుర్రమెక్కుతది. అది చదివి వినిపిస్తే అవ్వ పడి పడి నవ్వింది. "గసొంటి బట్టలల్ల నువ్వు బాపు మోటరుబండెక్కి సూపియ్యి జర," అన్నది. దుప్పటి సుట్టుకొని ఎక్కబోయి బోర్లవడ్డ. అప్పుడు తన చీర తెచ్చి, కుచ్చిళ్లు కాళ్ల నడుమ నుంచి వెనక్కి దోపి గోచి కట్టింది. ఒక్క దునుకుల ఎక్కిన. దిగబుద్ధి కాలే.

రాణికి గదే కట్టించిన. నవలది కొత్త లోకమని చెప్పి ఇచ్చోడ చీర కట్టినవేందని ఎవలన్న అంటరేమో, జర ఫికరే.

పండుకునే ముందు అవ్వ అడిగింది, "నీ రాణికి మొదటిసారి గోచి ఎవలు కట్టిండ్రే?"

రాజ్యంల మంత్రులున్నరు, గుర్రాలున్నయి. రాణిని కన్న అవ్వనే లేదు.

ఇప్పుడే ఆ అవ్వను రాసిన. వస్తనే "కుదురుగ నిలబడు" అని రాణిని కసిరింది.