ఆ తెల్ల చేప ఎన్నోది?

రెడ్డియార్‌పాళయం,
మూడో తేదీ, ఆదివారం.

అమ్మాయమ్మకు నీ ఇంటాయన రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. హోసూరులో నువ్వు, బాలింత అనుప్రియ, పసిబిడ్డ, అల్లుడు అంతా బాగుండాలి.

బాగోగులు అయిపోయాయి. ఇక పదేళ్ళుగా నా కడుపులో ఉన్నది చెబుతాను. తెల్ల చేప మన హాల్లోకి వచ్చిన రోజు నుంచి నువ్వు నన్ను ఆ తొట్టి దగ్గరికి రానివ్వలేదు. మేత వేయబోతే, "మీ చేతికి మిషన్ నూనె వాసన, చచ్చిపోతాది" అన్నావు. తట్టాంచావడిలో లేత్ పని మానేసి ఏళ్ళయినా అదే మాట. నీళ్ళు మార్చబోతే నడుము పట్టుకుంటుందన్నావు. లైటు వేస్తే దాని ఎర్ర కళ్ళు ఓర్చుకోవన్నావు. నా ఇంట్లో నేను చీకట్లో కూర్చుని టీవీ చూశాను. అప్పుడు నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను.

ఫోన్‌లో అడగొచ్చు కదా అంటావు. ఫోన్ స్పీకర్‌లో పెడతావు. ఇబ్బంది ప్రశ్న వస్తే బిడ్డ ఏడుస్తోందని పెట్టేస్తావు. అనుప్రియకు, అల్లుడికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. అందుకే నాకు వచ్చిన నాలుగు అక్షరాలతో రాస్తున్నాను. తప్పులుంటే నీలో నువ్వే నవ్వుకో. వాళ్ళకు చదివి వినిపించొద్దు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబు. మాత్రలు వేసుకుంటున్నాను. పక్కింటి పరిమళ రోజూ సాంబారు తెచ్చిస్తోంది, ఉప్పు ఎక్కువ. మోకాలు ఫరవాలేదు. ఇంకొకటి గమనించాను. నా గురించి ఒక్కసారి అడిగి చేప గురించి మూడుసార్లు అడిగావు. తింటోందా, తిరుగుతోందా, రంగు మారిందా అని. రంగు ఎందుకు మారుతుంది?

నా గుండెలో అడ్డు ఉందని డాక్టరు చెప్పిన ఏడాది, వాస్తు చూసే ఆయన మాట విని నువ్వు ఆ తెల్ల ఆస్కార్ చేపను తెచ్చావు. "ఇది బతికినన్నాళ్ళు ఈయనకు గండం లేదు" అన్నాడాయన. నువ్వు నమ్మావో లేదో తెలియదు. నేను నమ్మాను. డాక్టరు ఆపరేషన్ అన్నప్పుడల్లా నా చేప బాగుంది, నేనూ బాగున్నాను అని చెప్పి లేచి వచ్చాను. ఆయన నవ్వేవాడు. నేను నవ్వలేదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తోంది. నేను కారైక్కాల్ పెళ్ళికి పోయి వచ్చేసరికి చేప సగమైంది. "ఏంది ఇట్లా చిక్కిపోయింది?" అంటే, "పెరటాసి నెల ఉపవాసాలు కదా, అదీ పస్తు ఉండింది" అన్నావు. ఇంకోసారి దాని రెక్క కింద పసుపు చార కనిపించింది. "పుండు పడితే పసుపు రాసినా" అన్నావు. ఆ చార ఏడాది ఉంది. నీళ్ళలో తిరిగేదానికి పసుపు ఏడాది నిలుస్తుందా?

ఇక దాచి లాభం లేదు. పోయిన మంగళవారం పొద్దున లేచి చూస్తే చేప పక్కకు తిరిగి తేలుతోంది. నా పని అయిపోయిందనుకున్నాను. స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, దేవుడి పటాల ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తలుపు గడియ తీసి పెట్టాను, ఎవరూ విరగ్గొట్టే పని లేకుండా. మధ్యాహ్నం దాకా ఏమీ కాలేదు. ఆకలేసింది. పరిమళ సాంబారు తెచ్చింది. తిన్నాను.

తిన్నాక నువ్వు గుర్తొచ్చావు. చేప పోయిందని తెలిస్తే బాలింతను వదిలేసి బస్సెక్కుతావు. అందుకని దాన్ని మునగ చెట్టు కింద పూడ్చి, ముత్తియాల్‌పేటలో చేపల అంగడికి పోయాను. అదే కొలతలో ఇంకో తెల్లది తెచ్చి వేసి, నీకు చెప్పకూడదని. అవును, నిన్ను మోసం చేయాలనే పోయాను.

అంగడి రాజ్‌మోహన్‌ది. మన భాషే మాట్లాడతాడు.

"తెల్ల ఆస్కార్ కావాల. జానెడు ఉండాల. ఒంటి మీద చార ఉండకూడదు" అన్నాను.

వాడు నన్ను కిందికీ పైకీ చూశాడు. "రెడ్డియార్‌పాళయం అమ్మాయమ్మవ్వకేనా తాతా? ఈసారి మిమ్మల్ని పంపిందా?"

"ఈసారి అంటే ఏంది?"

వాడు వల కడగడం మొదలుపెట్టాడు. "మేత కోసం వస్తాది తాతా అవ్వ."

"ఆమె వచ్చేది మేతకే అయితే, నేను చేప అడిగినప్పుడు ఆమె ఎట్లా గుర్తొచ్చిందిరా?"

"మీరు అవ్వనే అడగండి సామీ. మీ ఇంటి తగువు నా అంగడికి తేవద్దు."

"సరే, ఇది చెప్పు. ఇట్లాంటి తెల్లది ఎన్నాళ్ళు బతుకుతాది?"

"తెల్లది కావాలని ఒకే వంశంలో జత కలిపి కలిపి తీస్తారు తాతా. ఒళ్ళు గట్టిది కాదు. వెలుతురు పడదు, చూపు మందం. ముక్కు ముందర మేత పడినా యాడ పడిందో తెలీదు. మీ తొట్టి ఎంత?"

చేతులు చాపి చూపించాను.

"దాంట్లో నాలుగేళ్ళు, అయిదేళ్ళు. కాకుంటే నీడలో పెట్టి, నీళ్ళు మార్చి, బిడ్డ మాదిరి చూసుకుంటే మామూలుదానితో సమంగా పదేళ్ళు దాటేదీ ఉంది. ఒకటి నేనే చూసినా."

"మాది పదేళ్ళు" అన్నాను.

వాడు నవ్వు ఆపుకున్నాడు. ఆ ఆపుకోవడం నాకు నచ్చలేదు. చేప కొనకుండా వచ్చేశాను.

నీకు చెప్పని సంగతి ఇంకొకటి. కొన్నాళ్ళుగా మెట్లెక్కితే ఎడమ చెయ్యి లాగుతోంది. పద్దెనిమిదో తేదీ సోమవారం ఆసుపత్రిలో చేరమన్నాడు డాక్టరు. నేను ఒప్పుకోలేదు.

పదేళ్ళూ ఒకటే చేప అయితే వాస్తు ఆయన మాట నిజం. అది పోయింది, నా కాలమూ అయిపోయింది, ఇవాళ కాకపోతే రేపు. కాలం అయిపోయినవాడు కత్తి కింద పడుకోవడం ఎందుకు? ఇంట్లోనే ఉంటాను. నువ్వు మారుస్తూ వచ్చి ఉంటే, మొదటిది చచ్చినప్పుడే నేను పోవాలి. పోలేదు. అంటే ఆయన మాట అబద్ధం, డాక్టరు మాట నిజం. అప్పుడు చేరతాను.

మార్చావంటే కోపం వస్తుంది. వారం రోజులు నీతో మాట్లాడను, ఇప్పుడే చెబుతున్నాను. కాని ఇది చదివాక నువ్వేం చేస్తావో నాకు తెలుసు. నన్ను ఆసుపత్రికి పంపడానికి, మార్చకపోయినా మార్చానని రాస్తావు. అందుకే ఉత్తి అవును చెల్లదు. మొదటిది ఏ నెలలో పోయింది, దాన్ని ఎక్కడ పూడ్చావు, దాని తరువాత ఎన్ని వచ్చాయి, అన్నీ రాయి. చెప్పిన చోట తవ్వి చూస్తాను.

స్పీడ్ పోస్టులో వేస్తున్నాను, నువ్వూ అట్లాగే వెయ్యి. పదిహేనో తేదీ శుక్రవారం లోపల జవాబు నా చేతిలో ఉండాలి. రాకపోతే ఒకటే చేప అనుకుంటాను.

ఇట్లు,
అనుప్రియ నాయన,
టి. తిరుమలై