నీ ప్రాసెసర్‌కి సరిపోయే బోర్డు

అన్నా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. చుట్టాలు వెళ్లాక నాయన బీరువాలోంచి నీ ప్రాసెసర్ డబ్బా తీసి, "పదమ్మా, వాడు మొదలుపెట్టిన కంప్యూటర్ మనం బిగిద్దాం" అన్నాడు. మంచి మదర్‌బోర్డు వచ్చేదాకా ఆగుదామని నువ్వు అదొక్కటే కొనలేదు కదా.

ఈ రోజు తిరుపతిలో నువ్వెప్పుడూ వెళ్లే షాపుకే వెళ్లాం.

"ఇది పాతదైపోయినాదప్పా. ఇప్పుడు వచ్చే బోర్డుల్లో ఈ పిన్నులు ఎక్కవు. ప్రాసెసర్ గూడా కొత్తది తీసుకోండి" అన్నాడు షాపాయన.

నాయన కదల్లేదు. "వాడు కొనింది మార్సేది లేదు. దీనికి సరిపొయ్యే బోర్డు యాడుండాదో సూడప్పా."

షాపాయన చాలాసేపు వెతికి, లోపలి అరలోంచి పాత బోర్డొకటి తెచ్చాడు. నీ ప్రాసెసర్ అందులో చక్కగా కూర్చుంది. షాపాయన ఫ్యాన్ బిగించబోతూ ఆగిపోయాడు.

"దీని మింద ఇదేంది?"

కుంకుమబొట్టు. నువ్వున్నప్పుడే, ఆయుధపూజ నాడు అమ్మ పెట్టింది. నువ్వు అరుస్తావని నీకు చెప్పలేదు. అది తుడవకుండా ఫ్యాన్ పెడితే ప్రాసెసర్ వేడెక్కి కాలిపోతుందట. షాపాయన గుడ్డ తీస్తుంటే నాయన వద్దని, తన కండువా కొసతో తానే తుడిచాడు.

ఇంటికొచ్చి, నువ్వు కొనిపెట్టిన మిగతావన్నీ బిగించి ఆన్ చేశాం. తెర వెలిగింది. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"ఇంతకీ దీంతో వాడు ఏం చేయల్లనుకున్నాడే?"

నాకు తెలియదన్నా. నువ్వెప్పుడూ బోర్డు గురించే చెప్పేవాడివి.

నీ చెల్లి