బావగారు బాగుచేసిన గీజర్

బావగారికి,

మీరూ అక్కా కులాసాగా ఉన్నారనుకుంటాను. మేమూ ప్రాణాలతోనే ఉన్నాం.

పోయిన ఆదివారం మా గీజర్ వాల్వు నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతుంటే, "దీనికి మెకానిక్ ఎందుకు, దండగ" అని మీరే దాని మూతికి మరమేకు బిగించి, పైన జిగురు మెత్తి వెళ్లారు. కారడం నిజంగానే ఆగింది. మూడు రోజులు అందరికీ మీ గురించి గొప్పగా చెప్పుకున్నాను.

నిన్న పొద్దున అమ్మ స్నానానికి వెళ్లింది. కుళాయి తిప్పగానే మరిగే నీళ్లు ఆవిరితో సహా చిమ్మి, కుడిచెయ్యి మోచేతిదాకా బొబ్బలెక్కింది. స్విచ్ ఆపేసి మెకానిక్‌ను పిలిచాను.

అతను వాల్వు మీది జిగురు గోటితో గీకి చూశాడు.

"థర్మోస్టాట్ పోయి నీళ్లు అదేపనిగా కాగుతున్నాయమ్మా. ఒత్తిడి బయటికి పోయే దారి ఇదొక్కటే. ఇంకాసేపుంటే ట్యాంకు పేలేది. దీన్ని మూసిన మహానుభావుడెవరు?"

"మా బావగారు."

"ఆయన ఇంకెవరింట్లోనైనా చెయ్యి పెట్టారా?"

మీ ఇంట్లోనూ ఇలాగే చేశానని మీరే చెప్పారు కదా. వెంటనే అక్కకు ఫోన్ చేసి మీ గీజర్ ఆపించాను.

ఈ ఉత్తరం తెచ్చింది ఆ మెకానికే. లోపలికి రానివ్వండి. పక్కన నిలబడి సలహాలివ్వకండి.

వీలైతే వచ్చి అమ్మను చూసి వెళ్లండి. నేను అన్నం తినిపిస్తుంటే, "అల్లుణ్ణి ఏమీ అనకే, పాపం మంచికే చేశాడు" అంటోంది. అందుకే మిమ్మల్ని ఏమీ అనలేదు.

మీ మరదలు