తెర మీద మచ్చ

ఆత్రేయపురం

మా ఇంటి దుర్గకు,

నువ్వు మన ఊరి చిట్టియ్య చేతికిచ్చి పంపిన ల్యాప్‌టాప్ క్షేమంగా చేరింది. పెట్టె విప్పగానే అమ్మ, "ఇదేంట్రా, కోడలు కువైట్ నుంచి గుమ్మం తలుపు పంపించింది" అంది. కొన్నాళ్ళు వాడి చూసి మంచీ చెడ్డా చెప్పమన్నావు. నచ్చకపోతే చిట్టియ్య సెలవు అయిపోయి తిరిగొచ్చేటప్పుడు అతని చేతే పంపించెయ్యమన్నావు, కొట్టువాడు మార్చి ఇస్తాడన్నావు. రేపే అతని ప్రయాణం. అందుకని రాస్తున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావేమో. చెప్పలేనిది ఒకటి ఉంది, చివర్లో రాస్తాను.

ముందు చెడు. నా బుద్ధి నీకు తెలిసిందే. దీన్ని ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరని ఎవరన్నారో గానీ, పెట్టుకుంటే తొడలు కాలుతున్నాయి. పాత టీవీ తీసేసి ఆ బల్ల మీద పెట్టాను, ఇక అక్కణ్ణుంచి కదలడం లేదు. ఛార్జరు ఇటుకంత ఉంది. దాని ప్లగ్గు కాళ్ళు పలకలుగా ఉండి మన గోడకి పట్టలేదు, రావులపాలెం వెళ్ళి అడాప్టర్ తెచ్చాను. కరెంటు పోతే సినిమా సగమైనా నడవదు. లోపల ఫ్యాను తిరిగితే ఒకటే రొద. మీటల మీద ఇంగ్లీషు పక్కన అరబ్బీ అక్షరాలు ఉన్నాయి. "అమ్మ ఇవన్నీ చదువుతుందా నాన్నా?" అని దేవిశ్రీ అడిగింది. చదువుతుందనే చెప్పాను.

ఇక మంచి. పాట పెడితే వీధి చివర బుల్లియ్య కొట్టు దాకా వినపడుతోంది, అదీ విడిగా స్పీకర్లు లేకుండా. అంకెల మీటలు పక్కన వేరుగా ఉన్నాయి, పాప ఎక్కాలు కొట్టుకుంటోంది. అమ్మ కళ్ళజోడు తీసేసి సీరియల్ చూస్తోంది. బొమ్మకి మాత్రం వంక పెట్టలేను. చీర అంచులో జరీ పోగులు విడివిడిగా కనపడుతున్నాయి.

మొదటి శుక్రవారం నీ వీడియో కాల్ దీనిలో పెట్టాం. స్లాబు ఇల్లు కట్టుకుందామని నువ్వు అక్కడ ఇంటి పనికి వెళ్ళిన దగ్గర్నుంచి, ఫోన్‌లో నా అరచేతిలో పట్టే మనిషివే. ఒక్కసారిగా తెర నిండా వచ్చేసరికి పాప నా వెనక్కి వెళ్ళి దాక్కుంది. నువ్వు ఎంత చిక్కిపోయావో అప్పుడు తెలిసింది. ఆ రోజే తెర మీద కింది వైపు గోధుమరంగు మచ్చ ఒకటి చూశాను. దారిలో ఏదో తగిలి తెర పాడైందనుకున్నాను. నువ్వు మాట్లాడుతుండగానే గుడ్డ తీసుకుని తుడిచాను. పోలేదు. ఫోన్ పెట్టేశాక చూస్తే లేదు.

తర్వాతి శుక్రవారం నువ్వు రాగానే మచ్చా వచ్చింది. అమ్మ పాప చేతికి రుమాలిచ్చి, "తుడువమ్మా, మీ అమ్మ మీద మరక పడింది" అంది. పాప తుడుస్తోంది. నువ్వు జుట్టు సర్దుకున్నావు. మచ్చ కూడా నీ చేతితో పాటు చెవి దాకా వెళ్ళి మళ్ళీ కిందకి దిగింది.

దుర్గా, అది కాలిన మచ్చ. ఎడమ చేతి వెనక, మణికట్టు దగ్గర. ఇస్త్రీ పెట్టె కొసలాగే ఉంది. బట్టలు ఇస్త్రీ చేస్తూ కాల్చుకున్నానని మాత్రం రాయకు. మన పెళ్ళయిన దగ్గర్నుంచి నువ్వు పొయ్యి మీద బోర్లించిన కుండ ముందు కూర్చుని పూతరేకులు తీశావు. పిండిలో ముంచిన గుడ్డని కాలే కుండ మీద పరిచి లాగిన చేతులవి. వేళ్ళ కొనలు మొద్దుబారాయి గానీ, చేతి వెనక ఏనాడూ చిన్న బొబ్బ లేవలేదు. వేడి ఎంత దూరంలో ఉందో నీకు చూడకుండానే తెలుస్తుంది. ఇంకెవరో పట్టుకుంటే తప్ప ఆ చెయ్యి అక్కడ కాలదు. ఇది రాస్తుంటే నాకు ఏడుపొస్తోంది, చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

ల్యాప్‌టాప్ ఇప్పుడైతే వెనక్కి పంపడం లేదు. ఉంచుకోవాలో వద్దో నీ జవాబు చూశాక చూద్దాం. పాప మాత్రం అది తెర మీది మరకే అనుకుంటోంది. శుక్రవారం నువ్వు రాకముందే రుమాలు తడిపి తుడిచి పెడుతోంది. కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. చిట్టియ్యకి ఏమీ చెప్పలేదు గానీ, అతను నమ్మదగ్గ మనిషి. నిజం రాయి.

నీ
గణేష్‌బాబు

*

కువైట్

దేవిశ్రీ నాన్నగారికి,

దుర్గ నమస్కారాలు. చిట్టియ్య అన్నయ్య మీ ఉత్తరం వంటింటి గుమ్మంలో ఇచ్చి వెళ్ళాడు. సామాన్ల గదిలో కూర్చుని చదువుకున్నాను.

మీరనుకున్నదే నిజం. నేను మొదట పనికి చేరిన ఇంటి పెద్దావిడ బతికున్నన్నాళ్ళూ నన్ను బాగానే చూసింది. ఆవిడ పోయాక కోడలి ఇంటికి మార్చారు. ఒక రోజు పిల్లవాడి చొక్కా మీద ముడత ఉందని ఈవిడ నా చెయ్యి పట్టుకుని ఇస్త్రీ పెట్టె ఆనించింది. అరవనైనా లేదండి. తర్వాత ఆవిడే మందు తెచ్చి రాసింది. అప్పుడు ఇంకా భయం వేసింది.

మీకు చెప్పాలనే చూశాను. ఫోన్ ఎత్తేది పాప, పక్కన అత్తయ్యగారు. ఉత్తరం రాద్దామని కూర్చుంటే ఇక్కడ నేను కులాసా అని రాసి ఆగిపోయేదాన్ని. ఇంతలో చిట్టియ్య అన్నయ్య ఊరు వెళ్తున్నాడని తెలిసింది. పాపకి ల్యాప్‌టాప్ కొనిపెట్టమని అడిగాను. మోసుకెళ్ళాల్సిన మనిషి కదా, పల్చటిది తీసుకుందామమ్మా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కొట్టులో అన్నిటికన్నా పెద్ద తెర ఉన్నది, బొమ్మ బాగా తేటగా కనపడేది కావాలని పట్టుబట్టాను. పాటల కోసమూ కాదు, ఎక్కాల కోసమూ కాదండి. నేను చెప్పలేనిది మీ కంట పడుతుందని.

మీరు బజారులో వంకాయ కొన్నా తిప్పి తిప్పి చూస్తారు. ఆ గుణాన్ని ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఈసారి దాన్నే నమ్ముకున్నాను. మొదటి శుక్రవారం ఫోన్ కెమెరా తుడిచి, గౌను పొడుగు చేతులు పైకి లాక్కుని, ఆ చెయ్యి ముందు పెట్టుకుని కూర్చున్నాను. మీరేమో గుడ్డ తెచ్చి తుడవడం మొదలుపెట్టారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండో శుక్రవారం నేను జుట్టు సర్దుకోలేదండి. జుట్టు సరిగ్గానే ఉంది.

చిట్టియ్య అన్నయ్యకి అంతా చెప్పాను. చెయ్యి కూడా చూపించాను. వచ్చే శుక్రవారం పొద్దున్న వీళ్ళు బయటికి వెళ్ళాక తను నడిపే కారు తెస్తానన్నాడు. నేరుగా మన ఎంబసీకి. నాలాంటివాళ్ళని ఉంచే చోటు అక్కడ ఉందట. పాస్‌పోర్టు వీళ్ళ దగ్గరే ఉండిపోయింది కాబట్టి కాగితాలకి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. రాజోలు మనిషి ఒకావిడ ఊరు వస్తోంది, ఈ ఉత్తరం ఆవిడ చేతికిస్తున్నాను. మీకు అందేసరికి నేను ఈ ఇంట్లో ఉండను. కొన్ని శుక్రవారాలు తెర మీద కనపడకపోవచ్చు, కంగారు పడకండి. స్లాబు ఇల్లు ఇక ఇప్పట్లో లేనట్టే. నాకు దాని మీద మనసు కూడా లేదు. వచ్చి మళ్ళీ మన కుండ ముందు కూర్చుంటాను.

ల్యాప్‌టాప్ సంగతి అడిగారు. ఉంచుకోండి, అందులో ఏ లోపమూ లేదు. పాపని రుమాలు తడపకుండా పొడిగా తుడవమనండి, తడి తగిలితే తెర పాడవుతుందట. అసలు తుడవొద్దని మాత్రం చెప్పకండి. నేను వచ్చాక పాప ఎలాగూ నా చెయ్యి పట్టుకుని చూస్తుంది. రుమాలు తెచ్చి తుడుస్తుంది కూడా. తుడవనిచ్చి, అది పోదని అప్పుడు నేనే చెబుతాను.

మీ
దుర్గ