షిగెనో వదిన గెలుచుకున్న సెలవు

కుషిరో, ఆగస్టు 3

అక్కా, నా ఒళ్లు బాగానే ఉంది, కంగారుపడకు. పోయినవాళ్లకి దీపం పెట్టే బోన్ పండుగకి మాత్రం రాలేను. చేపలు తెగ పడుతున్నాయని ఫ్యాక్టరీవాళ్లు మా కూలీల బస మొత్తానికి ఒక్కరికే సెలవిచ్చారు. మాజాంగ్ బిళ్లలాటలో ముందు గెలిచినవాళ్లదే సెలవనుకున్నాం.

వంటావిడ షిగెనో వదిన నాలుగేళ్లుగా ఊరు చూడలేదు, ఆటా రాదు. నేర్పుతానని నేనే దూకాను. "ఒకట్లు, తొమ్మిదులు, గాలి బిళ్లలు, డ్రాగన్లు దరిద్రం వదినా, వచ్చినవి వచ్చినట్టు పారెయ్యి" అన్నాను. అవి నేను ఏరుకుని పెద్ద చెయ్యి కడదామని ఎత్తు.

మహాతల్లి, జత కుదిరిన డ్రాగన్లనీ తడుముకోకుండా పారేసింది. నాకింక ఒక్క బిళ్ల వస్తే చాలు. అడ్డంగా ఉన్న ఐదుని విసిరాను.

"తమ్ముడూ, అది నాకు కావాలేమో" అని తన బిళ్లలు పరిచింది. అన్నీ రెండు నుంచి ఎనిమిది దాకా ఉన్నవే! "దరిద్రపువేం మిగల్లేదుగా, చూడు."

"అది తాన్యావోరా, కొత్తవాళ్లకి మొదట నేర్పే గెలుపు చెయ్యి! నువ్వే నేర్పి నువ్వే గెలిపించావు" అని మాతో ఆడుతున్న తోకుజో తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నా అబద్ధాన్ని ఎంత నిష్ఠగా పాటించిందే అక్కా! నాకు ముచ్చటేసింది.

పన్నెండున ఆవిడ రైలు మన స్టేషన్లో పది నిమిషాలు ఆగుతుంది. దారికి నాలుగు అన్నం ముద్దలు కట్టివ్వు. వంటింటి కప్పు కారడం ఆగిందా? నాన్న దీపం నా బదులు నువ్వే వెలిగించు. పిల్లలకు నా దీవెనలు.

నేను చెప్పింది అబద్ధమని మాత్రం ఆవిడతో అనకు. నన్ను గురువుగారని దండం పెట్టిన మనిషి ఇన్నాళ్లకు ఆవిడొక్కతే.

నీ తమ్ముడు,
కిసాబురో