ఎనిమిదో పేరు

గుంటూరు,
గురువారం.

కౌసర్ తల్లికి,

అమ్మ దువాలు. ఇక్కడ నేనూ, నాన్నా, నానమ్మా అల్లా దయవల్ల కులాసా. విశాఖపట్నంలో నువ్వూ వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను, నమ్మకం మాత్రం లేదు.

అలవాటవుతుందని ఉత్తరాలు ఇంగ్లీషులోనే రాయమన్నావు. పోయిన మూడూ అలాగే రాశాను. ఇది మాత్రం తెలుగులోనే రాస్తున్నాను. భయాన్ని ఇంగ్లీషులో రాయడం నాకింకా చేతకాలేదు. ఫోన్లో చెబుదామంటే నీ గొంతు వినగానే నాన్న స్పీకరు పెట్టమంటాడు. ఇది ఆయన ఇప్పుడే వినాల్సిన సంగతి కాదు.

ముందు నువ్వడిగినవి. నానమ్మ మోకాలి వాపు తగ్గింది, గొంతు మాత్రం తగ్గలేదు. నాన్న ఆటోకి కొత్త సీట్లు వేయించాడు. ఎర్రవి వద్దన్నాను, ఎర్రవే వేయించాడు. మా షెడ్డుకి మిరపకాయలు బాగానే వస్తున్నాయి గానీ ఈసారి తాలు ఎక్కువ. తొడిమలు తీసి, తెల్లబారిన తాలు కాయలు ఏరి పక్కన పడేసేసరికి చేతులు భగ్గున మండుతున్నాయి. ఆ చేత్తో కళ్లు తుడుచుకోకూడదు కాబట్టి ఏడవకుండా రాస్తున్నాను.

"కాలేజీకి వెళ్లావా? ఫారం ఇచ్చావా?" అని కింద గీత గీసి మరీ అడిగావు. వెళ్లాను, ఇచ్చాను. చాలా చిన్న కాలేజీ. ఎమ్మే ఇంగ్లీషుకి ఒక్కటే గది, పక్కనే సైకిల్ స్టాండు. చెప్పేవాళ్లు ఇద్దరే. పెద్దావిడ పేరు ఫెబా మేడం. నన్ను దింపి గేటు బయట కూర్చున్న నాన్న, తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా పాటలే. ఆ సాయంత్రమే మిర్చి యార్డు దగ్గర ఆటోలవాళ్లందరికీ పాలకోవా పంచి, "మా ఆవిడ ఎమ్మే చదవబోతోంది. ఇక మీదట నాతో మర్యాదగా మాట్లాడండ్రా!" అన్నాడట. అది విన్నప్పటినుంచి నాకు కోవా అంటేనే భయం.

ఎందుకో చెబుతాను. కూర్చుని చదువు.

ఆ రోజు గది ముందు పావుగంట నిలబడిపోయాను. లోపల అమ్మాయిలు ఇంగ్లీషులో గలగలా మాట్లాడుకుంటున్నారు. నలభై మూడేళ్లదాన్ని, దూరవిద్యలో డిగ్రీ అయిందనిపించుకున్నదాన్ని, ఒక టీచరు ముందు నోరు విప్పి ఇంగ్లీషులో ఒక్క ముక్క మాట్లాడి ఎరగను. చదివితే అర్థమవుతుంది. నీ స్కూలు డైరీలో ఏం రాశారో పక్కింటివాళ్లను అడగకుండా తెలుసుకోవాలని మొదలుపెట్టాను. తర్వాత నీ పుస్తకాల్లో కథలన్నీ నీకంటే ముందే చదివేసేదాన్ని. నువ్వు సైన్సుకి వెళ్లిపోయావు, నేను ఆ కథల దగ్గరే ఉండిపోయాను. ఈ చదువు మీద నాకెంత ఆశో నీకొక్కదానికే తెలుసు. చివరికి లోపలికి వెళ్లాను.

"ఎవరికమ్మా సీటు?" అన్నారు మేడం, మంచిగానే.

"మా అమ్మాయికండి" అన్నాను.

అబద్ధమాడాలని వెళ్లలేదు తల్లీ, నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ ఫారం ఇచ్చారు. షేక్ కౌసర్ అని నీ పేరు రాసి, నా ఫోన్ నంబరు వేసి, ఆవిడ ఇంకేమీ అడగకముందే బయటపడ్డాను.

అప్పుడది అంత తప్పనిపించలేదు. షెడ్డు సంగతి నీకు తెలిసిందే. మేస్త్రీ పుస్తకంలో ఇంటికొక పేరు ఉంటుంది, ఆ ఇంటి ఆడవాళ్లలో ఎవరొచ్చి కూర్చున్నా ఆ పేరే. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నువ్వు నెల రోజులు గుల్జార్ బేగం పేరు మీద తొడిమలు తీయలేదూ? అలాగే నీ పేరు మీద నేను వెళ్లి కూర్చోవచ్చనుకున్నాను. నా పక్కన కూర్చునే బసవమ్మత్తతో చెబితే, "దానికేముందే! మా కోడలి పేరు మీద నేను రెండేళ్లు కూర్చోలా? కాయలు ఏరామా లేదా, అంతే!" అంది. ఆ ధైర్యం నిన్నటిదాకా ఉంది.

నిన్న మధ్యాహ్నం మేడం ఫోన్ చేశారు. కౌసరేనా అని ఇంగ్లీషులో అడిగారు. కాదనాల్సింది. అవునన్నాను, ఇంగ్లీషులోనే. కాయల టిక్కీ బస్తాల వెనక్కి వెళ్లి కూర్చుని మాట్లాడాను. ఇంగ్లీషు ఎందుకు చదవాలనుకుంటున్నావన్నారు. మా అమ్మ నా డైరీ చదవడానికి ఇంగ్లీషు నేర్చుకుందని, నాకంటే ముందు నా పాఠాలు చదివేదని, ఆమె వల్లే నాకీ ఇష్టమని చెప్పాను. పది నిమిషాలు మాట్లాడాను కౌసర్! తప్పులు వచ్చాయి, అయినా ఆగలేదు. నీ పేరు మీద మాట్లాడుతుంటే భయమే వేయలేదు. ఫోన్ పెట్టేశాక వేసింది.

పెట్టేసే ముందు ఆవిడ తెలుగులో అన్నారు, "ఇప్పటికి ఏడుగురే చేరారమ్మా. ఎనిమిది మంది లేకపోతే ఈ ఏడు క్లాసులు పెట్టనివ్వరు. నీదే ఎనిమిదో పేరు. సోమవారం పదింటికి సర్టిఫికెట్లు, ఫోటోలు పట్టుకుని రా. మీ అమ్మగారినీ తీసుకురా. ఆ రోజు ఫారం ఇచ్చి పరుగెత్తారు. ఈసారి కూర్చోబెట్టి మాట్లాడాలి ఆవిడతో."

వెళ్లకపోతే ఆ ఏడుగురి చదువు నా వల్ల ఆగిపోతుంది. వెళితే మోసం చేశానని ఆ పిల్లలందరి ముందూ పొమ్మంటారేమో. అప్పుడు నాన్న ఏ మొహంతో యార్డుకి వెళ్తాడు? నువ్వు సెలవు పెట్టి వచ్చి ఆ ఒక్క పూట కూర్చుంటే బాగుండని కూడా అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గేసింది. నీ పేరు వాడుకున్నది చాలు.

నా డిగ్రీ కాగితాలు, రెండు ఫోటోలు కవర్లో పెట్టుకున్నాను. ఫోటోలో కూడా భయపడుతూనే ఉన్నాను.

ఇది నీకు శనివారం అందుతుంది. చదవగానే ఫోన్ చెయ్యకు. నువ్వు వద్దంటే ఆగిపోతాను. తిట్టాలనుంటే సోమవారం సాయంత్రం తిట్టు, పడతాను. మేడం ఇద్దర్నీ రమ్మన్నారు, వెళ్లేది మాత్రం ఒక్కదాన్నే. ఎవరికమ్మా సీటు అని మళ్లీ అడిగితే "నాకండి" అనాలి. పొద్దుటినుంచి కాయలు ఏరుతూ ఆ ఒక్క మాటే అనుకుంటున్నాను. ఇంకా గట్టిగా రావడం లేదు.

ఇట్లు,
నీ అమ్మ,
గుల్జార్ బేగం